మదురై నుంచి తుడియలూరుకు, నాలుగు సెకన్ల ఖాళీతో

నా భార్య సుధ చివరి రోజు మంగళవారం. ఉదయం గంజి తాగింది. పది గంటలకు దిండు ఆనించుకుని కూర్చుని, నా ఫోన్ అడిగి తీసుకుని, ఒక సినిమా సీనులో కూతురి మాటలు పన్నెండు రికార్డు చేసింది. ఒక్కో మాట తర్వాత తల్లి జవాబు కోసం నాలుగు సెకన్లు ఖాళీ వదిలింది. "సరిపోతుందిలే" అంది. భోజనం వద్దంది. మూడు దాటాక నేను మందులు తెచ్చేసరికి ఊపిరి లేదు. ఇది జరిగి నలభై రోజులైంది. ఆ రికార్డింగ్ పట్టుకునే ఈ ప్రయాణం చేశాను.

సినిమాలకు నటులను వెతకడం నా పని. కాస్టింగ్ డైరెక్టర్ అంటారు. ఇరవై ఆరేళ్ల కిందట గుంపు సీన్లకు మనుషులను పోగుచేయడంతో మొదలుపెట్టాను. ముఖాలు ఎంచడమే ఈ పని అని చాలామంది అనుకుంటారు. ముఖం ఫోటోలో తెలిసిపోతుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఈ మనిషి ఎలా వింటుందన్నది మాత్రం ఎదురుగా కూర్చోబెడితే తప్ప తెలియదు. అందుకే కెమెరా పక్కన కూర్చుని ఎదుటి పాత్ర మాటలు చదివే మనిషి కావాలి. పద్దెనిమిదేళ్లు ఆ మనిషి సుధ. బోడినాయకనూరు దగ్గర తెలుగు రైతుల ఇంటి పిల్ల. చదువంతా తమిళంలో, తెలుగు అక్షరాలు నేర్చుకుంది పెళ్లయ్యాకే. ఇప్పటి సినిమాలో తల్లి పాత్రకు దర్శకుడు తమిళనాడు ఇళ్లల్లో మాట్లాడే ఆ తెలుగే కావాలన్నారు. రేపు మధ్యాహ్నంలోగా ఒక్క మంచి రికార్డింగ్ అయినా పంపకపోతే, హైదరాబాద్‌లో పేరున్న నటికి యాస నేర్పించి చేయిస్తారు.

ఈ ఉదయం ఏడింటికి మదురైలో రైలు దిగాను. బస్టాండూ మార్కెట్టూ ఉన్న మాట్టుతావణికి ఆటో రెండు వందలు. డ్రైవర్‌ది తెలుగు ఇల్లే. నా పని ఏమిటో తెలిశాక తనకూ వేషం ఇమ్మన్నాడు. "దెబ్బలు తినే వేషం మాత్రం వద్దు సార్. కొట్టేదానికి ఇంట్లోనే ఆళ్లుండారు" అన్నాడు. కూరగాయల మార్కెట్ వెనక టీకొట్టులో బల్ల అడిగి తీసుకుని, మార్కెట్‌లో పనిచేసే ముగ్గురు ఆడవాళ్లను విడివిడిగా కూర్చోబెట్టాను. ముగ్గురికీ తెలుగు మాట వచ్చు, చదవడం రాదు. ఇక్కడ కాగితం ఇచ్చి లాభం లేదు. కథ చెప్పాలి. కూతురికి మిల్లులో పని పోయింది, తల్లి దగ్గర వారం రోజులుగా దాస్తోంది, తల్లికి అది ముందే తెలుసు. అంతే. తర్వాత కెమెరా ఆన్ చేసి, ఫోన్ నొక్కి సుధ గొంతు వినిపించాను.

ముగ్గురూ చక్కగా చెప్పారు. నాలుగు సెకన్లలో ఎవరి జవాబు వాళ్లు ముగించారు. మూడో ఆవిడ సెల్వి, ఉల్లిపాయలు ఏరే పని. ఫోన్ వైపు చూపించి, "ఈ యక్క బోడి పక్కదా?" అని అడిగింది. అవును, బోడినాయకనూరు దగ్గరే అన్నాను. ముగ్గురి పేర్ల పక్కనా నోట్‌బుక్‌లో వద్దన్నట్టు అడ్డగీత పెట్టాను. ఎక్కడ తేడా వచ్చిందో నాకే తెలియలేదు.

పదకొండుంబావుకు కోయంబత్తూరు బస్సు ఎక్కాను. టికెట్ రెండు వందల చిల్లర, ధారాపురం మీదుగా అయిదు గంటలు. సింగానల్లూరులో దిగి, గాంధీపురంలో సిటీ బస్సు మారి, ఊరి శివారులోని తుడియలూరు చేరేసరికి ఆరు కావచ్చింది. పంపులు తయారుచేసే ఒక వర్క్‌షాపు క్యాంటీన్‌లో మరియమ్మ వంట చేస్తుంది. అరవై ఏళ్లుంటాయి. ఇక్కడి చర్చి పెద్ద ఒకాయన ఆమె పేరు చెప్పాడు. నేను వెళ్లగానే టీ, రెండు వడలు పెట్టి, తినేదాకా కథ వినను పొమ్మంది.

కథ విని తలూపింది. ఫోన్ నొక్కాను. "అమ్మా, కూడు తింటివా?" అంది సుధ. "తింటి" అంది మరియమ్మ, గిన్నె తుడుస్తూ. "మిల్లులో నాకు పని పోయె" అంది సుధ. మరియమ్మ గిన్నె కింద పెట్టింది. మూత వేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. కూతురు కూర్చున్నట్టు అనుకున్న చోటికి తిరిగి, నోరు తెరిచింది. ఆలోగా సుధ తర్వాతి మాట వచ్చేసింది.

"నిలుమే, నేనింకా చెప్పలే" అంది మరియమ్మ ఫోన్‌తో.

మనం ఆగు అంటాం. వాళ్లు నిలు అంటారు. సుధ రోడ్డు మీద నన్ను రోజూ అనే మాట అది. నాది పెద్ద అంగల నడక.

రెండోసారి వేలితో రికార్డింగ్ ఆపుతూ నడిపించాను. మరియమ్మ కళ్లు కూతురి మీద నుంచి నా వేలి మీదకు వచ్చాయి. మూడోసారీ అంతే. చదివే ఆ పిల్ల ఎవరు, ఎందుకు రాలేదు అని అడిగింది. నా భార్య అని, పోయి నలభై రోజులైందని చెప్పాను. ఆమె నా గ్లాసులో ఇంకొంచెం టీ పోసింది. తర్వాత, "మీరు చదవండి సార్" అంది.

"నాకు మీ యాస రాదమ్మా."

"యాస నా దగ్గరుండాదే. మీరు నిలిస్తే సాలు." వెంటనే ఇంకో మాట కలిపింది: "ఆడబిడ్డ మాటకు మీ గొంతు వింటే నవ్వొస్తుందేమో. నవ్వితే తిట్టొద్దు."

లాడ్జికి వచ్చి మదురై రికార్డింగులు మళ్లీ చూశాను. సెల్వి పెదవి రెండుచోట్ల కదలబోయి ఆగిపోయింది. ఆ ముగ్గురూ కూతురికి జవాబు చెప్పలేదు, ఫోన్‌లో తర్వాతి మాట వచ్చేలోగా ముగించాలని చూశారు. అడ్డగీతలు కొట్టేశాను. సుధ ఎప్పుడూ సెకన్లు లెక్కపెట్టి చదివేది కాదు. ఎదుటి మనిషి ముఖం చూసి ఎంత ఆగాలో అంత ఆగేది. ఆ మంగళవారం ఆమె ముందు ముఖం లేదు, గోడ ఉంది. నలభై రోజులుగా ఇతరుల కోసమని చెప్పుకుంటూ ఆ పన్నెండు మాటలు నేనే వింటున్నాను.

ఈ దారిలో వచ్చేవాళ్లకు ఒక్క మాట. మదురైలో కోయంబత్తూరు బస్సు మాట్టుతావణిలో దొరకదు, ఆరప్పాళయం స్టాండుకు పోవాలి. నేను మాట్టుతావణిలోనే ఎవరినీ అడగకుండా నిలబడి ముప్పావుగంట పోగొట్టుకున్నాను.

రేపు పొద్దున ఆరున్నరకు, టిఫిన్ పని మొదలుకాకముందే మరియమ్మ రమ్మంది. ఫోన్‌లో ఆ రికార్డింగ్ తెరవను. కూతురి మాటలు పన్నెండూ నేనే చదువుతాను. ఒక్కో మాట అయ్యాక, ఆమె చెప్పేదాకా నిలుస్తాను.