రొట్టె అయిందని చెప్పిన దగ్గు

ఈ పొద్దున పప్పు గాజుగిన్నెలో పోసి మైక్రోవేవ్‌లో పెట్టానో లేదో, అమ్మను చూడ్డానికి కల్హేర్ నుంచి వచ్చిన మా అన్న మొదలుపెట్టాడు.

"గీ డబ్బల వేడి చేసింది తింటే రోగాలొస్తయ్ చెల్లే. మనం అమ్మ పొయ్యి మీది రొట్టె తిని పెరిగినోళ్లం. గందుకే గట్టిగున్నం."

నాకు ఒళ్లు మండింది. ప్లాస్టిక్ డబ్బా పెట్టొద్దంటే వింటాను, అది న్యాయమైన మాట. కానీ ఆ పొయ్యి ఆరోగ్యమట!

నా ఈడు వాళ్లారా, మీ ఇళ్లలోనూ ఉండేది కదా అలాంటి కట్టెల పొయ్యి? వానాకాలం పత్తికట్టె ఒక పట్టాన అంటుకునేది కాదు. అమ్మ ఊదుగొట్టం పట్టుకుని, వంగి ఊదీ ఊదీ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే జొన్నరొట్టెలు చేసేది. మేం అవతలి అర్రలో దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాళ్లం. వంటింట్లో అమ్మ దగ్గు వినపడగానే అన్న నన్ను తట్టేవాడు.

"రొట్టెలైతున్నయ్, లే."

ఆ దగ్గు వింటే మాకు ఆకలయ్యేది.

రొట్టె రుచి అన్నకు ఇంకా గుర్తుంది. దగ్గు మాత్రం గుర్తులేదు. పొయ్యి పోయి ఎన్నేళ్లయినా అది అమ్మను వదల్లేదు.

"ఎవరు గట్టిగున్నరన్నా? అమ్మ గట్టిగుందా?" అని అడిగేశాను.

మైక్రోవేవ్ టింగుమంది. మంచం మీద కూర్చున్న అమ్మ నవ్వింది.

"అన్నకు పెట్టు బిడ్డా. నేను దగ్గకముందే పప్పు వేడైంది."