అమ్మ దిగే మలుపు

తొంభైల చివర్లో నా దగ్గరొక నోటుబుక్కు ఉండేది. అందులో పన్నెండు పేజీలు నా చిన్న కారు ఇంజన్ గురించే. హెడ్డు ఎంత కోయించాలి, కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్టు ఏది వేయాలి, సైలెన్సర్ గొట్టం ఎంత లావు చేయాలి, అన్నీ రంగు పెన్నులతో రాసుకున్నాను. అమ్మ బీరువాలో దాచిన నా జాతకం కంటే ఆ పుస్తకమే నాకు ముఖ్యం.

కారు సెకండ్ హ్యాండ్‌ది. బెంగుళూరు పీణ్యలో ఒక చిన్న ఫ్యాక్టరీలో, తయారైన భాగాల కొలతలు సరిచూసే ఉద్యోగం నాది. జీతంలో మిగుల్చుకుని కొన్నాను. మూడు సిలిండర్ల ఇంజన్, ఊళ్ళో బాగానే తిరిగేది. దాని పరువు తీసేది నంది కొండే. కార్తీకంలో ఒక సోమవారం అమ్మ, నాన్న, ఇద్దరు అత్తలు, నేను కొండకు పోవడం మా ఇంటి ఆనవాయితీ. సగం దారిలో ఒక మలుపు ఉంది. అక్కడ మొదటి గేరులో కూడా ఇంజన్ గుడ్లు తేలేసేది.

అప్పుడు అమ్మ దిగేది. ఎవరూ చెప్పకముందే. "బరువంతా నాదే గదా, నేను దిగితే సరిపోతాది" అని నవ్వేది. అత్తలూ నవ్వేవాళ్ళు. మోకాళ్ళ నొప్పుల మనిషి కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని ఎండలో ఎక్కుతుంటే, నేను కారును పైన చదునైన చోట ఆపి అద్దంలో చూస్తూ కూర్చునేదాన్ని. రెండో ఏడు, దాటిపోతున్న వ్యానులోంచి ఎవడో "ఆంటీ, తోయండి!" అని అరిచాడు. అమ్మ దానికీ నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వచ్చే కార్తీకానికి ఆ మలుపులో అమ్మ దిగకూడదు, అదీ ఈ కారులోనే, అని పట్టు పట్టాను. నోటుబుక్కు కొన్నది ఆ వారమే.

నా ప్లానులో అసలు పని హెడ్డు కోత. ఇంజన్ మీద మూతలా ఉండే ఆ లోహపు దిమ్మను అడుగున కాస్త చెక్కితే, పెట్రోలు మండే గుంటలు చిన్నవవుతాయి, ఒత్తిడి పెరుగుతుంది, బండి బాగా లాగుతుంది. అర మిల్లీమీటరు అని ఎర్ర పెన్నుతో రాసి కింద రెండు గీతలు గీశాను. ఆ అంకె చూసుకుని తెగ మురిసిపోయేదాన్ని.

ఆషాఢంలో హెడ్డు విప్పించి, గోనెసంచిలో చుట్టి, ఫ్యాక్టరీ వెనక వీధిలో లోహం చెక్కే మిల్లింగ్ మిషన్ పెట్టుకున్న పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనదీ మాలాగే తరాలుగా బెంగుళూరులో ఉన్న తెలుగు కుటుంబం. పన్నెండు పేజీలూ ఓపిగ్గా తిప్పాడు.

"బాగా రాసినావమ్మా. కోసేకి ముందర, దీని మందం ఎంత ఉండాది?"

కారు కంపెనీ పుస్తకంలో చూసిన అంకె చెప్పాను.

"అది బుక్కులో ఉండేది. నేను నీ హెడ్డుది అడుగుతాండా."

నా ముఖం మాడిపోయింది. రోజంతా ఎవరెవరి ముక్కలో కొలిచి సంతకం పెట్టే నేను, నా హెడ్డును ఒక్కసారీ కొలవలేదు. "తీసిన లోహం మళ్ళా అతికేకి కాదు. కొలుచుకోని రాపో" అని సంచి నా చేతిలో పెట్టేశాడు.

ఇంటికొచ్చి రుసరుసలాడితే, బళేపేటలోని మా గాజుల అంగడిలో సగం జీవితం కూర్చున్న అమ్మకు ఆయన మాటే నచ్చింది. "నేను గాజు తీసేకి ముందు చెయ్యి పట్టుకోని చూస్తా. వాళ్ళు చెప్పే సైజు ఎప్పుడో పెండ్లినాటిది. అది నమ్మి తొడిగితే గాజన్నా పగులుతాది, చెయ్యన్నా తెగుతాది. అయినా బాగుండే బండిని ఎందుకు విప్పినావే?"

"సుమ్నే, ఊరికే పికప్ పెంచేకి" అని తప్పించుకున్నాను.

ఆదివారం హాల్లో పేపర్లు పరిచి హెడ్డును తలకిందులుగా పెట్టాను. వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే కంపెనీ పుస్తకంలో రాసినంత మందం లేదు. పాత యజమాని ఎప్పుడో ఒకసారి కోయించేసినట్టున్నాడు. దాని మీద నేను ఇంకో అర మిల్లీమీటరు తీసి ఉంటే, ఆ రోజుల్లో దొరికే పెట్రోలుతో, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ టకటకా కొట్టుకుని పిస్టన్లే పోయేవి.

తర్వాత గుంటల్లో సిరంజీతో కిరోసిన్ పోసి ఎంత పడుతుందో చూశాను. రెండింట్లో నిలిచింది. మూడోదాంట్లో మెల్లగా దిగిపోయింది. అక్కడ వాల్వు సరిగా మూసుకోవడం లేదు. కొండ ఎక్కాల్సిన బలం ఇన్నాళ్ళూ ఆ సందులోంచి పోతోంది. తప్పు అమ్మ బరువుది కానే కాదు. నాకు ఏడుపొచ్చింది.

ఎర్ర అంకెను కొట్టేసి కొత్త ప్లాను రాశాను. ఒక్క పేజీ. వాల్వులన్నీ చేత్తో నూరాలి. గాలి పోయే దారుల్లో గరుకు తీసి నున్నగా చేయాలి. జెట్టు ఒక సైజు పెంచాలి, సైలెన్సర్ గొట్టం కొంచెం లావు చేయాలి. హెడ్డును చదును కోసం తప్ప ముట్టుకోకూడదు. నాలుగు ఆదివారాలు వాల్వుకు గరుకు పేస్టు పూసి, దానికి అతికించిన పుల్లను రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ కూర్చున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇల్లంతా కిరోసిన్ కంపని నాన్న విసుక్కున్నాడు. నాలుగో ఆదివారం మూడు గుంటల్లోనూ కిరోసిన్ కదలకుండా నిలబడింది. పెద్దాయన నా కొలతలు రెండుసార్లు చదివాకే, చదును వరకే కోయడానికి మిషన్ ఆన్ చేశాడు.

కార్తీకం వచ్చింది. అవే ఐదుగురం. మలుపు దగ్గర పడుతుంటే అద్దంలో చూశాను. అమ్మ అప్పటికే కుచ్చిళ్ళు సర్దుకుని తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"ఆపు మే, దిగుతా."

"కూసోమ్మా."

మొదటి గేరుకు దించి తొక్కాను. ఇంజన్ గొంతు బరువెక్కింది గానీ ఆగలేదు. మలుపు తిరిగాం. ప్రతి ఏడూ అమ్మ ఒగరుస్తూ కూలబడే రాయి కిటికీ పక్కగా వెళ్ళిపోయింది. ఆమె తల తిప్పి దాన్ని చూసింది. ఈసారి నవ్వలేదు.

"దీనికేనా విప్పినావు?" అంది.

అద్దంలోనే తలూపాను. కొండ పైకి చేరి ఇంజన్ ఆపేదాకా, అమ్మ తలుపు పిడి మీంచి చెయ్యి తీయలేదు.