చిన్నగోరంటల మీద తీర్మానం

చిన్నగోరంట కొమ్మలు ఎప్పుడు కొయ్యాలో, ఎంతవరకు కొయ్యాలో నేను ఒక మనిషి నుదురు చీల్చి నేర్చుకున్నాను.

పంతొమ్మిదివందల ముప్ఫైల మొదట్లో తాడేపల్లిగూడెంలో మా సంస్కరణ సంఘానికి ఒక పఠనాలయం ఉండేది. దానికి నేను కార్యదర్శిని. వాకిట్లో ఆరు చిన్నగోరంట చెట్లు. వేసవి చివర నుంచి వానల పొడుగునా ముడతల రేకుల గులాబిరంగు పూలతో నిండిపోయేవి. వాటిని చూసుకునే తోటమాలి పెంటపాడు వైపు క్రైస్తవుడు, నడివయసువాడు. పెరట్లో సంఘం ఇచ్చిన పాకలో భార్యతో ఉండేవాడు. ఆ పాక తప్ప వాళ్లకు వేరే నీడ లేదు.

కార్తీకంలో వార్షికసభ పెట్టుకున్నాం. ఏలూరు నుంచి వక్తలు వస్తారు, పందిరి వెయ్యాలి, కొమ్మలు అడ్డం. ఆరింటినీ నడుమెత్తున నరికెయ్యాలని సంఘం సమావేశంలో నేను ప్రతిపాదించాను. సమానత్వం బోధించే సంఘం వాకిట్లో ఒక చెట్టు పొడుగు, ఒక చెట్టు పొట్టి ఏమిటని ఒక సభ్యుడు బలపరిచాడు. నవ్వకండి, ఆ మాటకు చప్పట్లు పడ్డాయి.

గుమ్మం బయట నిలబడ్డ తోటమాలి అన్నాడు: "ఇప్పుడొద్దండి. మాఘం రానివ్వండి. అప్పుడైనా మోడు చేసి నరక్కూడదండి."

"ముహూర్తమా?" అన్నాను. "చర్చికి వెళ్లేవాడివి, నీకు పంచాంగం ఎవరు చెప్పారయ్యా?"

గదంతా నవ్వింది.

"పంచాంగం కాదండి. మా నాన్న అలాగే కోసేవాడండి."

"మీ నాన్న చేశాడు కాబట్టి నిజమా? ఈ మాట మీదే కదా మనం యుద్ధం చేస్తున్నది!" అని సభ్యుల వైపు తిరిగాను. చేతులెత్తించాం. తీర్మానం నెగ్గింది. తోటమాలి నరకనన్నాడు. నరక్కపోతే పాక ఖాళీ చెయ్యాలన్నారు అధ్యక్షులు. అతను తల వంచుకున్నాడు గాని గొడ్డలి ముట్టుకోలేదు.

నేనే తీశాను. వేటు పడ్డచోటల్లా నున్నటి బెరడు పెచ్చులుగా లేచిపోయింది. ఒక కొమ్మ సగం తెగి, తొక్క చీల్చుకుంటూ మొదలుదాకా వేలాడింది. కాలితో తన్ని ఊడబీకాను. రెండో చెట్టు దగ్గరకు వెళ్తుంటే అతను నా మణికట్టు పట్టుకున్నాడు.

"చెట్టు పాడైపోద్దండి, పంతులుగారూ."

"వదలరా!"

మా సంఘంలో ఎవరినీ 'రా' అనకూడదని నియమం. రాసింది నేనే. అతను వదల్లేదు. గొడ్డలి తిరగేసి కర్ర కామతో భుజం మీద కొట్టాను. అప్పటికీ వదల్లేదు. రెండో దెబ్బ నుదుటి మీద పడింది. నెత్తురు కంట్లోకి కారి, గడ్డం మీదుగా చొక్కాలోకి దిగింది.

భార్య పాకలోంచి పరుగెత్తుకొచ్చింది. "చంపేత్తారేంటండీ! కొమ్మల కోసం మనిషిని చంపుతారాండీ!"

అరుగు మీద సభ్యులందరూ ఉన్నారు. ఒక్కడూ దిగిరాలేదు. నేను మిగతా అయిదూ నరికాను. పొద్దు వాలకముందే వాళ్లిద్దరూ కుండలూ చాపా మోసుకుని పెంటపాడు దారి పట్టారు. 'తీర్మానము అమలు జరిగినది' అని మినిట్సు పుస్తకంలో నా చేత్తో రాశాను.

పుష్యం మంచులో మోళ్ల నుంచి లేతచిగుళ్లు లేచి, తెల్లటి బూజు పట్టి ముడుచుకుపోయాయి. ఎండల్లో మళ్లీ లేచాయి. ఒక్కో మోడు మీద చీపురుకట్టంత గుబురు, అన్నీ సన్నటి రెమ్మలు. పూలూ వచ్చాయి. కొల్లేరు వైపు నుంచి కొట్టిన తొలి గాలివానకు ఆ తడి గుత్తుల బరువు ఆగక, రెమ్మలు మొదళ్లకంటా చీలి వాకిలంతా కూలాయి. ఏరుతూ చూశాను. ప్రతి గుత్తీ ఆ ఏటి కొత్తరెమ్మ కొసనే ఉంది. ఆకు రాలాక, చిగురు లేవకముందు కోస్తే చెట్టు బలమంతా ఆ కొత్తరెమ్మకే పోతుంది. మాకు ఆ అదను మాఘం. అతను చెప్పింది తిథి కాదు, చూసి తేల్చుకున్న సంగతి. పరిశీలన, పరిశీలన అని నేను వేదికలెక్కి అరిచింది దాని గురించే.

ఆ వానల తర్వాత వచ్చిన మాఘంలో పెంటపాడు వెళ్లాను. ఎవరి చేలోనో కూలికి కుదిరి, గట్టు మీద గుడిసెలో ఉన్నారు. మచ్చ అతని కనుబొమను రెండుగా చీల్చింది.

"తప్పు నాది. మీరు చెప్పిందే నిజం," అన్నాను.

"మోళ్లు బతికాయాండి?" అని అడిగాడు. జరిగింది చెప్పాను.

"ఒక్కో మోడు మీద గట్టివి రెండో మూడో ఉంచి, మిగతావి మొదలుకంటా తీసెయ్యండి. గొడ్డలి కాదండి, రంపం. నేలలోంచి పిలకలొస్తే లాగెయ్యండి. ఇక ఏటా ఒకదానికొకటి రాసుకునే కొమ్మ, లోపలికి తిరిగిన కొమ్మ, ఎండుపుల్ల, అంతే. లావుపాటి కొమ్మల జోలికెళ్లకండి. మూడేళ్లకి మళ్లీ చెట్టవుద్దండి."

"మీరే వచ్చి కొయ్యండి. పాక మీదే. ఈసారి తీర్మానం నేను పెడతాను."

"ఇంకోసారి చేతులెత్తితే మళ్లీ పోద్ది కదండీ," అని నవ్వాడు.

లోపల బియ్యం చెరుగుతున్న భార్య చేట ఆపింది. "ఆయనొస్తానన్నా నేను రానండి. మీరు మంచోరే అయ్యుంటారు. మీరు గొంతు పెంచినప్పుడల్లా నేను ఆయన తలకేసి చూసుకోవాలి. అలా ఎన్నాళ్లు కాపరం చెయ్యనండీ?"

ఎన్నో సభల్లో ఎందరినో నోరు మూయించినవాణ్ణి. ఆమెకు దణ్ణం పెట్టి లేచాను. అతను కాలువగట్టు దాకా వచ్చి సాగనంపాడు, రంపం పళ్లకు పదును ఎలా పెట్టుకోవాలో దారిపొడుగునా చెబుతూ.