ఎన్కోయోకి షుగర్ లేదు

నైజీరియాలోని కాలబార్ బజారులో ఎండురొయ్యలు అమ్మే ఎన్కోయో గొంతు తెలియనివాళ్ళు లేరు. బేరమాడేవాణ్ణి కాసేపు ఏడిపించి, ఆ తర్వాత గుప్పెడు ఎక్కువేసి పంపుతుంది. నలభై దాటిన మనిషి, నిండైన విగ్రహం. తల్లి షుగరుతో పోయింది కనుక ఏటా పరీక్ష చేయించుకునేది. ఏటా లేదనే చెప్పేవారు. ఆ మాట బజారంతా చాటుకునేది.

తమ్ముడు ఎఫియోమ్‌కి రెండు కిడ్నీలూ పోయాయి. ఎవరూ అడగకముందే తనది ఇస్తానంది. రక్తం కలిసింది, షుగర్ లేదు. మిగతా పరీక్షలకు రెండు నెలలాగి రమ్మన్నారు.

ఇక్కడే ఇంటిల్లిపాదీ అతితెలివికి పోయారు. మేనత్త ఇక్వో ఒకప్పుడు ఆ ఊరి ఆచారం ప్రకారం పెళ్ళికూతుళ్ళను గదిలో కూర్చోబెట్టి, పని ముట్టుకోనివ్వకుండా మేపి, ఒళ్ళు చేశాక బయటికి తెచ్చిన మనిషి. ఇచ్చే కిడ్నీ బలంగా ఉండొద్దూ అంటూ ఎన్కోయో చేత కొట్టు మూయించి, అలాంటి గదిలోనే కూర్చోబెట్టింది. ఆకుల్లో చుట్టి పామాయిల్లో ఉడికించిన చేమదుంప పొట్లాలు, గంజి, మధ్యలో నిద్ర.

"చాలత్తా, ఊపిరాడ్డం లేదు."

"నోర్మూసుకుని తినవే. ఎండిపోయిన కిడ్నీ ఇస్తావా వాడికి? పెళ్ళికి ముందు ఇంతకు రెట్టింపు తిన్నావు, అప్పుడు నోరెత్తావా?"

"అప్పుడు మొగుడొస్తున్నాడుగా!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

రెండు నెలల తర్వాత పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ కూర్చోమంది.

"షుగర్ లేదమ్మా. కానీ దాన్ని అదుపులో ఉంచడానికి మీ ఒళ్ళు ఇన్సులిన్ మూడింతలు తయారుచేస్తోంది. ఎంత చేసినా అది సరిగా పనిచేయట్లేదు. ఆ భారం కిడ్నీల మీద పడింది. మూత్రంలో ప్రొటీన్ పోతోంది."

"షుగర్ లేదన్నారుగా?"

"షుగర్ రాకుండానే కిడ్నీలు దెబ్బతినొచ్చు. మీకిప్పుడే మొదలైంది, జాగ్రత్తపడితే నిలుస్తాయి. ఇవ్వడానికి మాత్రం కుదరదు."

"మా అత్త పెట్టిన తిండి వల్లా?"

"ఇది ఏళ్ళ నాటిదమ్మా. ఆ తిండి ఇంకాస్త ముదరబెట్టింది, అంతే."

ఏడుపొస్తుందేమోనని ఎన్కోయో ఆసుపత్రి మెట్ల మీద కాసేపు కూర్చుంది. రాలేదు. దారిలో ఎవరో పలకరిస్తే బాగున్నానంది. ఏ వీధుల మీదుగా వచ్చిందో గుర్తులేదు, తమ్ముడి గుమ్మంలో మాత్రం నిలబడి ఉంది.

ఎఫియోమ్ డయాలసిస్ చేయించుకొచ్చి పడుకున్నాడు. అత్త పక్కనే విసురుతోంది.

"ఆపరేషన్ ఎప్పుడన్నారక్కా?"

రొయ్యల ధర చెప్పినట్టు అంతా చెప్పేసింది. తిండి సంగతి కూడా దాచలేదు. అత్త చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఎవరి మొహమూ చూడకుండా లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఎఫియోమ్ అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"నీ కిడ్నీలన్నా జాగ్రత్తగా చూసుకో అక్కా. రేపు నీకు కావాల్సొస్తే ఇవ్వడానికి నా దగ్గరేముంది?"

ఎన్కోయో సరేనంది.