గుండెకు చుట్టిన వీపు కండ

నేను ప్రొద్దుటూరులో ఈసీజీ తీసే రోజుల్లో, చాపాడు దగ్గర నుంచి ఒక గొర్రెల కాపరి ఆరు నెలలకోసారి వచ్చేవాడు. మామా అని పిలిచేవాణ్ణి. వయసులో ఉండగానే ఆయన గుండె బలహీనపడితే, మద్రాసులో డాక్టర్లు ఎడమవైపు వీపు కండను పక్కటెముకల మధ్య నుంచి లోపలికి తిప్పి గుండెకు చుట్టారు. గుండెతోపాటు ఆ కండా బిగుసుకునేలా ఒక చిన్న మిషన్ పెట్టారు. దాని బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. అలాంటి ఆపరేషన్ ఇప్పుడెవరూ చేయడం లేదు.

చొక్కా విప్పుతూ ప్రతిసారీ ఒకటే అడిగేవాడు: "అప్పా, నా మాదిరి చేపిచ్చుకున్నోళ్లు ఇంగెవరన్నా ఉండారా?"

"ఎందుకు మామా?"

"ఊళ్లో చెప్తే నగుతాండారు. వీపు గుండెకాడికి యాడ పోతాదంటారు. తెలిసినోళ్లతో ఒగ తూరి మాట్లాడాలని ఉందప్పా."

చివరికి ఆ మద్రాసు ఆసుపత్రికి ఫోన్ చేశాను. వాళ్లు పాత కాగితాలు వెతికి, ఆయనతోపాటు ఆపరేషన్ అయినవాళ్లలో ఎవరూ మిగల్లేదన్నారు. ఆయన మళ్లీ వచ్చినప్పుడు అబద్ధం చెబుదామనుకున్నాను కానీ నోరు రాక, ఉన్నదే చెప్పాను.

విని, చొక్కా విప్పి బల్లమీద కూర్చున్నాడు. "అందరూ పోయినారా?" అన్నాడు. తరువాత వీపు నావైపు తిప్పాడు.

"ఒగ తూరి చెయ్యి పెట్టి చూడప్పా. పెండ్లాం పోయినాక ఈడ ఎవురూ ముట్టుకోల్యా."

ఎడమ చంక వెనక, కండ లేనిచోట చర్మం లోతుకు పడిపోయి ఉంది. అరచేయి ఆనించాను. బయట కూర్చున్నవాళ్లు తలుపు కొడుతున్నారు. ఆయన తనంతట తాను కదిలేదాకా నేను చెయ్యి తీయలేదు.