పొగలు చూసి రాసిన జనాభా

మా ఊరి చెరువు గురించి కొత్తవాళ్లకు చెప్పేటప్పుడు సముద్రం అనే అంటాను. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనపడదని, పడవలో పూట ప్రయాణమని చెబుతాను. అబద్ధం. కట్ట మీద నిలబడి గట్టిగా పిలిస్తే అవతల గొర్రెలు కాసేవాడు పలుకుతాడు. నిండేది ఎప్పుడో ఒకసారి. మిగతా కాలమంతా చెరువంటే పగుళ్లు బారిన నేల, తుమ్మచెట్లు.

అయినా ఊరు దాని చుట్టూనే పెరిగింది. కట్ట కింద బజారు, బస్టాండు, ఆఫీసులు. తూర్పున పట్టు మగ్గాల వీధులు. చెరువుకు అవతల శివారు పేట. రాళ్లు కొట్టేవాళ్లు, శనగకాయలు ఒలిచే మిషన్లలో కూలికి పోయేవాళ్లు ఉండేవాళ్లు. ఇవతలివాళ్ల దృష్టిలో ఆ పేట ఊరిలోదే కాదు. నా దృష్టిలోనూ అంతే.

ఎనభైల మొదట్లో జనాభా లెక్కల పనికి బడి అయ్యవార్లను వేసినప్పుడు ఆ పేట నా వంతుకు వచ్చింది. ఎండలో చెరువు దాటి, ఒంటరి ముసలమ్మను కూడా వదలకుండా గడప గడపా తిరిగానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. దారిలో పాము అడ్డం వచ్చిందని కూడా ఒకటి రెండుసార్లు అన్నాను. పాము లేదు. నేను చెరువే దాటలేదు.

పొద్దున్నే కట్ట మీది టీ బంకులో కూర్చుని, అవతల పొగ లేస్తున్న ఇళ్లు లెక్కపెట్టాను. నేను పొగ చూపిస్తే, అది ఎవరిల్లో, ఎంతమందో బంకాయన చెప్పాడు.

"పొగ రాని ఇండ్లు ఏమైనట్టప్పా?" అన్నాను.

"బెంగళూరికి మట్టిపనికి పోయింటారు సార్. పొయ్యి ఎలగని కాడ మనుషులు యాడుంటారు?"

కరువు ఏడాది. సగం ఊళ్లు అట్లాగే తాళాలు వేసుకుని పోయాయి కాబట్టి నమ్మడం సులువైంది. ముప్పై నాలుగు పొగలు, ముప్పై నాలుగు ఇళ్లు. తలుపుల మీద నంబర్లు వేయమని ఇచ్చిన జాజు డబ్బాకు మూత కూడా తీయలేదు.

మరుసటి ఏడు ఆ పేట నుంచి, రాళ్లు కొట్టే ఆమె ఒకతె బడికి వచ్చింది.

"సారూ, మాకు బోరింగు రాదంట. ఇండ్లు చాలవంట. అరవై ఇండ్లోళ్లం ఉండాము. నువ్వు రాసిన కాయితమే చూపిస్తాండారు."

"మీ ఇండ్లల్లో పొయ్యి ఎలిగినట్టు లేదే ఆ పొద్దు," అని నోరు జారాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మా పొయ్యి సంగతి నీకెట్ల తెలుసు సారూ? ఆ యేడు పొద్దున ముట్టించిందే లేదు. మాపటేల సంగటి కెలుక్కుంటే మర్నాటికీ అదే. నువ్వు వచ్చింటే చద్ది తింటా కనపడుండేవాళ్లం."

ఆమె అంతకంటే అడగలేదు. "ఆఫీసుకొచ్చి ఒక మాట చెప్పు సారూ, సాలు," అంది.

వెళ్లాను. ఆమె బయట వరండాలో నిలబడింది. లోపల ఆఫీసరు కాగితం నా ముందుకు తోశాడు. "లెక్క తప్పిందని రాసి సంతకం పెట్టండి మాస్టారూ. మళ్లీ లెక్క తీయిస్తాను."

ఒక్క వాక్యం. అది రాస్తే మెమో వస్తుంది, అయ్యవారు టీ బంకులో కూర్చుని జనాన్ని లెక్కపెట్టాడని ఊరంతా నవ్వుతుంది.

"తప్పలేదు సార్. వాళ్లు తర్వాత వచ్చి గుడిసెలు వేసుకున్నారు," అన్నాను.

బయటికి రాగానే, "చెప్పినావా సారూ?" అని అడిగింది.

"చెప్పినా. వినలేదు."

"పోనీలే. మాకోసరం ఇంతదూరం వచ్చినావు."

బోరింగు బస్టాండు వెనక వేశారు. ఆ పేట ఆడవాళ్లు బిందెలు ఎత్తుకుని, చెరువు నేల మీదుగా నడిచి అక్కడికే వచ్చేవాళ్లు. ఆమె పేటంతా ఏం చెప్పిందో గానీ, వరుసలో నన్ను చూడగానే తమ బిందెలు పక్కకు జరిపేవాళ్లు.

"సారును ముందు పట్టుకోనీండి. మనకోసరం ఆఫీసులో కొట్లాడినాడు."

వద్దనాలని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. అనుకుంటూనే నా బిందె ముందు పెట్టేవాణ్ణి. వాళ్లలో ఒకామె చేతిపంపు కొట్టి నింపి కూడా ఇచ్చేది.