కలుపు అన్న పాపానికి

డిగ్రీ చదివే ఆ రోజుల్లో మనకు తెలియనిదంటూ ఏదీ ఉండదు. తెలియనివన్నీ డిగ్రీ చేతికొచ్చాకే మొదలవుతాయి. వరంగల్‌లో మా వాడ వెనక కుంటను కాపాడే భారం నా ఒక్కదాని నెత్తినే ఉందని అప్పట్లో నా గట్టి నమ్మకం. (నన్నెవరూ అడగలేదు. ఆ సంగతి మా అమ్మ రోజూ గుర్తుచేసేది.) వాడకు పెద్దమనిషిగా చలామణీ అయ్యే ఒకాయన కుంట అంచున మట్టి పోయించి టైల్స్ పరిపిస్తానని తిరుగుతున్నాడు. మేం చాటుగా టైల్సన్న అనేవాళ్ళం. నేను వెళ్ళి అడ్డం తిరిగాను. “అంచు పొడుగూత తుంగ నాటుతమన్నా. నీళ్ళు మంచిగైతయి, పిట్టలొస్తయి” అన్నాను. ఆయన నవ్వి, “బతుకమ్మ దాకా చూస్త పిల్లా. అప్పటికి నీ గడ్డి నిలువకపోతే ట్రాక్టర్లు దించుత” అన్నాడు. “దించు, చూద్దాం” అన్నాను. నా నోటికి అప్పుడు తాళం లేదు, ఇప్పుడూ లేదు.

కాలేజీ దోస్తులతో కలిసి వానల్లో తడుస్తూ తుంగ దుబ్బులు నాటాను. ఇక నీళ్ళను కప్పేసిన గుర్రపుడెక్కను లాగెయ్యాలి. అది మా వల్ల అయ్యే పని కాదు. అందుకని పెద్దమ్మను పట్టుకున్నాను. ఆమె స్టేషన్ ఘన్‌పూర్ వైపు పొలాల్లో పెరిగిన మనిషి. ఆమె పిలిస్తే వాడలో ఆడవాళ్ళంతా కదులుతారు. “పెద్దమ్మా, జర అందర్నీ తోలుకరా. కుంటల కలుపు తియ్యాలె” అన్నాను. “గంత దానికి ఫికరెందుకు బిడ్డా!” అంది.

మర్నాడు వాళ్ళను కుంటలోకి దించి, చాయ్, మిర్చీ తేవడానికి స్కూటీ మీద వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గట్టు నున్నగా గుండు కొట్టినట్టుంది. నేను నాటిన తుంగంతా ఒడ్డున కుప్ప. నీళ్ళలో గుర్రపుడెక్క మాత్రం ఊదారంగు పూలతో హాయిగా ఊగుతోంది. “తుంగ ఒక్క పోచ ఇడువలే” అంది పెద్దమ్మ గర్వంగా. “గా పువ్వుల చెట్లు బతుకమ్మకు పనికొస్తయని ఉంచినం.” వరి పండించిన వాళ్ళకు కలుపంటే తుంగేనని నా చదువులో ఎక్కడా లేదు. గట్టు మీద కూలబడి భోరుమన్నాను.

అంతలో టైల్సన్న రానే వచ్చాడు. “గుండు మంచిగ కుదిరింది. ట్రాక్టర్లు రేపే దించాల్నా?” అని పగలబడి నవ్వాడు. ఆ నవ్వు పెద్దమ్మకు సూటిగా తగిలింది. కొంగు బిగించి లేచింది. “బతుకమ్మ దాకా అన్నవు గదా, మాట మీద నిలబడు. పీకిన చేతులే నాటుతయి. నువ్వు జర పక్కకు జరుగు” అంది. ఆ పూటే కుప్ప మీద నీళ్ళు చల్లి, నాట్ల పాటలు పాడుతూ, వరి నాటినట్టే తుంగను వరసలుగా నాటేశారు. (అడవిలా సహజంగా ఉండాలని చెప్పబోయి, పెద్దమ్మ మొహం చూసి ఊరుకున్నాను.) తర్వాతి వారం గుర్రపుడెక్కను కూడా వాళ్ళే పీకి ఒడ్డున పడేశారు. మట్టిలో మిగిలిపోయిన గడ్డల నుంచి వరసల మధ్య కూడా తుంగ లేచింది. బతుకమ్మ నాటికి నడుమెత్తు. ట్రాక్టర్లు రాలేదు.

ఇప్పుడు కాజీపేటలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాను. పెద్దమ్మ నన్ను ‘తుంగా’ అనే పిలుస్తుంది. తిట్టో మెచ్చుకోలో నేనడగలేదు. మొన్న కుంట దగ్గర టైల్సన్న మనవరాలిని ఎత్తుకుని నీటికోళ్ళను చూపిస్తూ కనిపించాడు. ఆనాటి నాలోని పొగరుబోతు పిల్ల మీద నాకెందుకో ప్రేమ పొంగుకొచ్చింది.

“ఏం పిల్లా, నీ మొండితనం ఇంకా పోలేదా?” అన్నాడు.

“పీకి చూడన్నా” అన్నాను.